పేరు పెట్టి చేసిన ప్రార్థన, కులం పేరిట రాసిన ప్రార్థన

సూరత్ రింగు రోడ్డు దిగి లోపలికి వెళితే సలాబత్‌పురా. బట్టల మార్కెట్లు, చీరల మూటలు లాగే తోపుడుబండ్లు, సందుల్లో సాంచాల (మరమగ్గాల) చప్పుడు. జరీ నేతకు పేరుపడ్డ ఈ పాత ఊళ్లో ఖత్రీలు, రాణాలు తరతరాలుగా మగ్గాన్ని నమ్ముకుని బతికారు. తర్వాత తెలంగాణ నుంచి పద్మశాలీలు వచ్చారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల్లో మగ్గం కూడు పెట్టని రోజుల్లో షోలాపూర్‌కు, భీవండికి, బొంబాయికి సాగిన వలసలో ఒక పాయ సూరత్ చేరింది. సలాబత్‌పురా దాటి లింబాయత్, ఉధ్నాల దాకా పరుచుకుంది. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ ఇప్పటికీ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే వీళ్ల కోసమే.

ఈ నేతగాళ్ల కోసం, వీళ్లెప్పుడూ చూడని దేశాల్లో కొందరు మోకాళ్లూని ప్రార్థిస్తున్నారు. అందుకు వాళ్ల చేతిలో ఒక పత్రం ఉంటుంది. కులం పేరు, జనాభా, మాట్లాడే భాష, కొలిచే దేవుళ్లు, అందులో క్రైస్తవులు నూటికి ఎందరు, ఆ తర్వాత ఈ కులం గురించి దేవుణ్ణి ఏమేం అడగాలో నాలుగైదు వాక్యాలు. భారతదేశంలో వందలాది కులాలకు ఇలాంటి ప్రార్థన పత్రాలున్నాయి. పద్మశాలీల పత్రం ఒకటి ముందు పెట్టుకుని, దాని పక్కన నూటపాతికేళ్ల నాటి పుస్తకం ఇంకొకటి పెట్టుకుని చదివాను. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అది. ఒంగోలు చుట్టుపక్కల చెప్పులు కుట్టే మాదిగల కథలు అందులో ఉన్నాయి. ఆమె భర్త, ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ చెప్పగా ఆమే రాసి, ఆయన పోయిన నాలుగేళ్లకు, 1914లో వెలువడిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ దానికి జంట పుస్తకం.

తోలుపని కులం పుస్తకానికీ నేత కులం పత్రానికీ పోలికేమిటని అడగవచ్చు. పోలిక రక్తసంబంధం లాంటిది. ఒంగోలులో మాదిగలు ఒక్కొక్కరుగా కాక కుటుంబాలుగా, గూడేలుగా క్రైస్తవంలోకి రావడం మిషనరీ లోకాన్ని దశాబ్దాల పాటు ఆలోచనలో పడేసింది. 1933లో మిషనరీ వాస్కమ్ పికెట్ భారతదేశపు సామూహిక మతాంతరాల మీద పెద్ద అధ్యయనం వెలువరించాడు. తెలుగు నేల అనుభవం అందులో ముఖ్యమైన భాగం. మధ్యభారతంలోని దమోలో పుట్టిన డొనాల్డ్ మెక్‌గావ్రన్ పికెట్ బాటలో నడిచి 1955లో ‘ది బ్రిడ్జెస్ ఆఫ్ గాడ్’ రాశాడు. మనుషులు తమ కులాన్నీ భాషనూ దాటకుండానే క్రైస్తవులు కాగలగాలన్నది ఆయన వాదన. 1974లో లోసాన్‌లో జరిగిన ప్రపంచ సువార్త మహాసభలో రాల్ఫ్ వింటర్ ఇంకో అడుగు ముందుకు వేసి, సువార్త చేరని జనసమూహాలను లెక్కించాలన్నాడు. ఆ లెక్కల్లోంచి పుట్టిందే కులం వారీ ప్రార్థన పత్రం. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున మొదలైన ఒక అనుభవం సిద్ధాంతంగా, సిద్ధాంతం పట్టికగా మారి, సూరత్‌లో తాపీ నది ఒడ్డున తెలుగు నేతగాడి దగ్గరకు తిరిగొచ్చింది. ఈ దారిలో ఏం మిగిలింది, ఏం జారిపోయింది అన్నదే నా ప్రశ్న.

మొదట జారిపోయింది మనిషి పేరు. ఎమ్మా పుస్తకంలో ఎర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తోళ్ల బేరం మీద ఊళ్లు తిరిగే మనిషి. క్రైస్తవుల మాట వినకముందే అతనికి గురువులున్నారు. రాజయోగ మార్గంలో నడిచాడు. అతనికి ఉపదేశం చేసినవాళ్లలో బండికట్ల వీరమ్మ అనే స్త్రీ కూడా ఉంది. ఉత్తరంగా బేరానికి పోయినప్పుడు క్రీస్తు మాట చెవిన పడింది. 1866లో అతనికీ భార్య నాగమ్మకూ మిషనరీ లైమన్ జ్యూవెట్ బాప్తిస్మమిచ్చాడు. క్లౌ ఒంగోలుకు కాపురం వచ్చింది ఆ తర్వాతే, అదే ఏడాది సెప్టెంబరులో. ఈ వరుసను మనం మరిచిపోకూడదు. దొర వచ్చి మాదిగను వెతికి పట్టుకోలేదు. వెతుకులాట పేరయ్యది. యోగం నుంచి క్రీస్తు దాకా అతని మనసు నడిచిన దారిని ఎమ్మా ఓపిగ్గా రాసింది. పోతులూరి వీరబ్రహ్మం మాట మాదిగగూడెంలో ఎలా పలికిందో, గురువుల గొలుసు ఒకరి నుంచి ఒకరికి ఎలా సాగిందో పట్టించుకుంది. వాల్టర్ రౌషెన్‌బుష్‌కు స్వయానా అక్క ఆవిడ. క్రైస్తవమంటే సమాజ న్యాయమని అమెరికాలో గొంతెత్తిన మనిషి తోబుట్టువు కాబట్టి, చెప్పులు కుట్టేవాడి తలలో తత్వముంటుందని నమ్మడం ఆమెకు కష్టమేమీ కాలేదు.

ప్రార్థన పత్రంలో పేరయ్యలు లేరు. కులం ఉంది. ‘వీళ్లు మార్కండేయ మహర్షి సంతతిగా చెప్పుకుంటారు’ అన్నంతటితో విశ్వాసం గురించిన సంగతి ముగుస్తుంది. ఆ ఒక్క వాక్యం వెనక ఎంతుందో తెలిసినవాళ్లకు ఇక్కడ మనసు చివుక్కుమంటుంది. మార్కండేయుడి యజ్ఞంలోంచి భావనారుషి పుడతాడు. విష్ణువు నాభి కమలం నుంచి నార తెచ్చి, వస్త్రం నేసి, దేవతల మానం కాపాడతాడు. లోకానికి బట్ట కట్టిన వంశం మాది అని చెప్పుకోవడానికి పద్మశాలీలకు ప్రత్యేకంగా కథకులున్నారు. కూనపులివాళ్లు నకాషీ బొమ్మల పటాన్ని గడి తర్వాత గడిగా విప్పుతూ, పాడుతూ రాత్రంతా ఈ పురాణం చెబుతారు. పటంలో ఉన్నది దేవుళ్ల కథే కాదు, పనికి దక్కవలసిన గౌరవం కథ కూడా. తాకాకు (బట్ట తానుకు) ఇంత అని కూలి లెక్కగట్టే సేటు ముందు నిలబడ్డ నేతగాడికి, ఈ పని దేవతలకే అవసరపడిందని గుర్తుచేసే కథ.

ఎమ్మా ఇలాంటి చోటనే ఆగింది. మాదిగలకు కథ చెప్పే డక్కలివాళ్లున్నారు, జాంబ పురాణముంది, భూమి పుట్టకముందే పుట్టిన ఆదిజాంబవుడున్నాడు. ఆమె అరుంధతి కథనూ మాతంగి కథనూ సేకరించి పుస్తకంలో చోటిచ్చింది. వాటిని ఆమె సత్యాలుగా ఒప్పుకోలేదు, క్రైస్తవురాలిగా ఒప్పుకోగలిగేది కూడా కాదు. కానీ ఊరు అంటరానివాళ్లన్న మనుషులు తమ పుట్టుక గురించి ఎంత ఎత్తైన మాట చెప్పుకుంటున్నారో విన్నది. ప్రార్థన పత్రం అదే చోట ‘విగ్రహాల చెర నుంచి వీళ్లు విడుదల కావాలి’ అనే పద్ధతిలో ముందుకు సాగిపోతుంది. విశ్వాసం మార్చాలనుకోవడం వేరు, ఎదుటివాడి విశ్వాసమేమిటో వినకపోవడం వేరు. మొదటిదాన్ని నేను తప్పుపట్టను. తన సత్యాన్ని పదిమందికి చెప్పే హక్కు ఏ మతస్థుడికైనా ఉంది. రెండోది మాత్రం ప్రార్థనగా కూడా లోపమే. ఎవరి కోసం అడుగుతున్నామో తెలియకుండా అడగడమది.

అయితే ఎమ్మా, క్లౌల పుస్తకాలను నెత్తిన పెట్టుకోవాలని నేననడం లేదు. వాటికి అసలు పరీక్ష కరువు అధ్యాయంలో ఉంది.

1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని ఊడ్చిన కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం సాగింది. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పనిచేసిన క్లౌ, మూడున్నర మైళ్ల కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. మాదిగలకు పని ఇచ్చాడు, కూలి ఇచ్చాడు. అతని బోధకులే మేస్త్రీలు. గడ్డపార పక్కన పెట్టి జనం కాస్త కూర్చున్నప్పుడు వాళ్లు క్రీస్తు గురించి చెప్పేవాళ్లు. ప్రయాసపడి భారం మోసుకునేవాళ్లందరూ రండి అన్న సువార్త వాక్యం, మట్టి తట్ట దించుకున్నవాడికి విడమరచి చెప్పక్కర్లేదు. జనం బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్ల మీదా, తన మీదా పడకూడదని. కరువు పనులు ముగిశాక, 1878 జూలైలో, గుండ్లకమ్మ దగ్గర వెల్లంపల్లిలో మూడు రోజుల్లో 3,536 మంది బాప్తిస్మం పొందారు. అందులో 2,222 మంది జూలై 3న ఒక్కరోజే. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున.

ఈ 2,222 అనే అంకె చర్చి చరిత్రల్లో మోగినంతగా ఆ పదిహేను నెలల నిరాకరణ మోగలేదు. నాకు అంకె కన్నా నిరాకరణ గొప్పది. ఆకలిని అవకాశంగా వాడుకోనన్న మాట అందులో ఉంది. సూరత్ విషయంలో ఈ సంగతి ఇంకా సూటిగా తగులుతుంది. గుజరాత్‌లో 2003 నాటి మతస్వేచ్ఛ చట్టం అమల్లో ఉంది, 2021లో దాన్ని ఇంకా బిగించారు. ప్రలోభంతో మతం మార్చడం నేరం, మార్పించేవాడు ముందుగా జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. మనిషి దేవుణ్ణి ఎంచుకోవడానికి కలెక్టరేటు అనుమతి కావాలనడం నాకు సమ్మతం కాదు, అంతరాత్మకు అర్జీ ఫారాలుండవు. కానీ ప్రలోభం కూడదన్న నియమాన్ని ఏ చట్టమూ లేని రోజుల్లో, ఎవరూ అడగకుండానే తన మీద తాను విధించుకున్న మిషనరీ ఒకడున్నాడని గుర్తుంచుకోవాలి. ప్రార్థన పత్రాల్లో పేదరికం గురించి రాసే తీరు దీనికి దూరంగా ఉంటుంది. వలస, అప్పు, తాగుడు, చాలని కూలి, వీటన్నిటినీ సువార్తకు తెరుచుకున్న తలుపుల్లా పేర్చడం ఈ పత్రాలకు అలవాటు. క్లౌ ఆ తలుపును మూసి నిలబడ్డాడు.

కాలువ గట్టు మీద జరిగిందంతా క్లౌ కళ్లతోనే చూడలేం. అదే కాలువను జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) నవల కింది నుంచి చూపించింది. ఎన్నెలదిన్ని నుంచి శివయ్య, శశిరేఖ కరువులో నడిచిపోతారు. ఆ నడకలో దారి పొడవునా చావులున్నాయి. కాలువ దగ్గర కూడా కులం కాపలా కాస్తుంది. చివరికి శివయ్య సైమన్ అవుతాడు. అతని కొడుకు రూబేను కథ, ఆ తర్వాతి తరాల కథ రూతు జ్ఞాపకాల్లోంచి నక్సల్బరీ తరం దాకా సాగుతాయి. క్లౌ పుస్తకంలో కాలువ ఒక ప్రార్థనకు జవాబు. 1854 జనవరి ఒకటిన జ్యూవెట్ దంపతులు, నర్సు, జూలియా, రూతు అనే తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండ మీద తెల్లవారకముందే చేసిన ప్రార్థనకు జవాబన్నమాట. నవలలో కాలువ జవాబు కాదు, ఇంకో ప్రశ్నకు మొదలు. మతం మారినవాడి వెంట కులం చర్చిలోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న.

ఈ విషయంలో నవలదే పైచేయి. క్లౌ గూడెపు పెద్దల పద్ధతిని, కులకట్టును అలాగే ఉంచి సంఘం కట్టానని సగర్వంగానే చెప్పుకున్నాడు. మొదట్లో తన దగ్గరికి వచ్చే బ్రాహ్మణ విద్యార్థులు మాదిగలను చేర్చుకుంటే మేం రామన్నప్పుడు, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో లోకం నీచంగా చూసినవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడన్న మాట చదివి మాదిగల పక్షాన నిలిచాడు. అది సాహసమే. కానీ ఒక కులం పక్షాన నిలవడం, కులాన్ని కూల్చడం ఒకటి కావు. మాదిగ సంఘం మాదిగ సంఘంగానే మిగిలింది. మెక్‌గావ్రన్ ఆ మిగలడాన్నే సూత్రం చేశాడు. ఇవాళ్టి పత్రం కులాన్ని గడిగా గీసి, ఒక్కో గడికీ ఒక్కో ప్రార్థన రాస్తోంది. బలహీనత వారసత్వంగా వచ్చింది, ఆ బలహీనతను కాస్త పూడ్చిన పేరయ్యలు, వీరమ్మలు, కథలు, వినే చెవి మాత్రం రాలేదు.

పని సంగతికొస్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎమ్మా పుస్తకం పేరులోనే చెప్పులు కుట్టడముంది. తోలు ఊనడం, మోటబావికి తోలుతిత్తి కట్టడం, పంట ఇంటికొచ్చాక రైతు కొలిచిపెట్టే గింజలు, పండగకు డప్పు. క్రైస్తవులయ్యాక ఆదివారం పనికి రామని, చచ్చిన గొడ్డు మాంసం తినమని, జాతరకు డప్పు కొట్టమని మాదిగలు అనగానే కరణం, మునసబు ఎలా విరుచుకుపడ్డారో, బావి ఎలా మూతపడిందో క్లౌ రాశాడు. విశ్వాసం ముందు కూలి దగ్గర, నీళ్ల దగ్గర తగాదా అయింది. పత్రం మాత్రం పద్మశాలీలను ‘సంప్రదాయ నేత కులం’ అంటుంది. సలాబత్‌పురా, లింబాయత్‌లలో సంప్రదాయ నేత ఎక్కడుంది? ఉన్నది పవర్‌లూమ్. పన్నెండు గంటల పాళీ, మీటరు లెక్కన కూలి, చెవులు దిబ్బెళ్లు వేసే చప్పుడు, పక్క సాంచా మీద గంజాం నుంచి వచ్చిన ఒడియా కార్మికుడు. ఇంట్లో ఆడవాళ్లు చీరలకు లేసు కుట్టడం, రాళ్లు అంటించడం, దారాలు కత్తిరించడం, ముక్కకు ఇంత అని. పద్మశాలీ, ఒడియా, మరాఠీ, ఉత్తరప్రదేశ్ ముస్లిం, అందరి కష్టం ఒక్కటే అయిన చోట కులానికో గడి గీసే పత్రం ఆ కష్టాన్ని చూడలేదు. నేతగాడి రోజు గురించి ఒక్క మాటైనా లేని ప్రార్థన, నేతగాడి కోసమని ఎలా అంటాం?

సూరత్‌కు క్రైస్తవం కొత్తది కాదు. లండన్ మిషనరీ సొసైటీ 1815లోనే ఇక్కడ అడుగుపెట్టింది. పూర్తి గుజరాతీ బైబిలు మొదట అచ్చయింది ఈ ఊళ్లోనే. 1840లలో ఐరిష్ ప్రెస్బిటీరియన్లు వచ్చి ఆ పనిని అందుకున్నారు, బడులు కట్టారు. సూరత్‌లో జనం కన్నా పుస్తకం ముందొచ్చింది. జనం పెద్దసంఖ్యలో కదిలింది సూరత్‌లో కాదు, ఉత్తరాన చరోతర్ పల్లెల్లో. అక్కడ కదిలింది కూడా నేతగాళ్లే, అంటరానివాళ్లుగా బతికిన వణకర్లు. వాళ్లలోంచే జోసెఫ్ మెక్వాన్ వచ్చాడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన వణకర్. 1986లో ‘ఆంగళియాత్’ రాశాడు, దానికి 1989లో సాహిత్య అకాదెమీ పురస్కారం వచ్చింది. నవలలో టీహో అనే నేతగాడు పటేళ్ల దౌర్జన్యానికి ఎదురునిలుస్తాడు. క్రైస్తవ రచయిత రాసినా నవల మతం మార్చే కథ కాదు. మగ్గం, బట్ట అమ్మడానికి సంతకు పోవడం, ఆడపిల్ల మీద చెయ్యేసినవాణ్ణి అడ్డుకోవడం, అందుకు చెల్లించిన మూల్యం అందులో ఉన్నాయి. కళ్యాణరావు, మెక్వాన్ ఇద్దరూ మిషనరీలు వదిలిన చోటును నింపారు. వాళ్ల పుస్తకాలు ఎవరి గురించో వాళ్ల భాషలో ఉన్నాయి.

క్లౌ దంపతుల పుస్తకాలకూ ప్రార్థన పత్రానికీ ఇక్కడ ఒకే లోపముంది. రెండూ ఇంగ్లిషువే. ‘వైల్ సోయింగ్ శాండల్స్’ ఇంగ్లిషు చదివే పాఠకుడి కోసం అచ్చయింది. పేరయ్య మనుమలు దాన్ని చదివి, తాత గురించి ఇది నిజం, ఇది కాదు అని చెప్పే వీలు ఆ రోజుల్లో లేదు. తెలుగు క్రైస్తవంలో పాడేవాడి నోటికి అందిన ప్రార్థన ఏదైనా ఉంటే అది కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవాళ్లు తెలుగు ఛందస్సులో, మన రాగాల్లో కట్టినవి ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’లో చేరి గూడేల దాకా వెళ్లాయి. వాటి భాష పండితుల వైపు మొగ్గినా, పాడేది తెలుగువాడే, వినేది తెలుగువాడే. అందులో దేవుడికీ మనిషికీ మధ్య మూడోవాడెవడూ నిలబడి జనాభా లెక్క చదవడు. పత్రం భాష దీనికి పూర్తిగా ఎదురు. పద్మశాలీ గురించి, పద్మశాలీ లేనప్పుడు, పద్మశాలీకి రాని భాషలో మూడోవాడు దేవుడితో చెప్పే మాట అది.

ప్రార్థించేవాళ్ల చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. సూరత్‌ను పటంలో కూడా చూడని ఒకామె, ఎక్కడో తెల్లవారుజామున, తెలియని నేతగాళ్ల బాగు కోరుకోవడం చిన్న విషయం కాదు. ఆమె చేతికి మనం ఏమిస్తున్నామన్నదే నా బాధ. క్లౌ దంపతులు తమ దేశపు పాఠకురాలి చేతికి పేరయ్యనూ, నాగమ్మనూ, వీరమ్మనూ ఇచ్చారు. లోపాలున్నా, ఆమె ఆ పేర్లతో ప్రార్థించగలిగింది. ఇవాళ్టి పత్రాన్ని రాసేవాళ్లు ఒక్కసారి లింబాయత్ తెలుగు బడి ముందు గానీ, సలాబత్‌పురా సాంచాల మధ్య గానీ దాన్ని తెలుగులో పైకి చదివి వినిపించాలి. విన్నవాళ్లు ఇది మేమే అంటారా, కూలి సంగతి ఏదని అడుగుతారా, భావనారుషి గురించి తప్పు రాశారని దిద్దుతారా, మా కోసం అడగమని మీకెవరు చెప్పారని నిలదీస్తారా, ఆ జవాబులు కూడా పత్రంలోకి ఎక్కాలి.